బోదకాలు కిట్టు: టబ్బు కన్నా తువ్వాలు ముఖ్యం

గోదావరి జిల్లాల్లో బోదకాలు ఉన్నవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సంరక్షణ కిట్టులో మామూలుగా ఉండేవి ఐదు: ప్లాస్టిక్ టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూతమందు ట్యూబు. విడతను బట్టి బకెట్టో, చేతి తొడుగులో, దూదో కూడా కలుస్తాయి. విప్పి చూడగానే "ఇంతోటి దానికా పిలిచారు, ఇవి మనింట్లో లేవా?" అనిపిస్తుంది. అందుకే చాలా ఇళ్ళలో వారం తిరక్కుండానే టబ్బు బట్టలు నానబెట్టడానికి పోతుంది, తువ్వాలు మనవడి స్నానానికి పోతుంది. సబ్బు సంగతి సరే సరి.

ఆ వారంలోపే ఈ మాటలు చదవాలి. ముదిరిన కాలును ఈ కిట్టు మళ్ళీ మామూలు కాలు చేయలేదు. చేస్తుందని ఎవరన్నా చెబితే నమ్మొద్దు. అయితే పద్ధతిగా వాడితే చలీ జ్వరమూ వచ్చి కాలు ఎర్రబడి మంచం పట్టించే దాడులు బాగా తగ్గుతాయి. వాపు పెరగడం నెమ్మదిస్తుంది. రాత్రి పడుకుంటే తెల్లారేసరికి తగ్గే దశలో ఉన్న వాపయితే చాలావరకు అదుపులోకి వస్తుంది. ఏ మాత్రా ఒంటరిగా ఈ పని చేయలేదు. ఎందుకో తెలియాలంటే కాలు వాచేది దేనివల్లో ముందు తెలుసుకోవాలి. ఆ కారణం తెలిసినవాళ్ళు తువ్వాలును ఇంకొకరికి ఇవ్వరు.

మన దగ్గర బోదకాలు తెచ్చేది వుచరేరియా బాంక్రాఫ్టై అనే దారప్పురుగు. మురుగు నీళ్ళలో పుట్టే క్యూలెక్స్ దోమ దాన్ని మోసుకొస్తుంది. ఆడ పురుగు 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు, వెంట్రుక కన్నా కాస్త లావు. శోషరసం, అంటే లింఫు, పారే నాళాల్లో కాపురం పెట్టి ఐదు నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది. దాని పిల్లలు రక్తంలోకి దిగి, రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య ఎక్కువగా తిరుగుతాయి. దోమ కుట్టే వేళా అదే.

ఇంత పొడవు పురుగు నాళంలో మెలికలు తిరుగుతున్నా చాలామందికి ఏళ్ళ తరబడి ఏమీ తెలియదు. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు. ఒంట్లోని రక్షణ కణాలు ఒకదానికొకటి కబురు పంపుకునే ప్రొటీన్లను సైటోకైన్లు అంటారు. పురుగు బతికున్నంతకాలం ఆ కబుర్లలో "ఆగండి, మీద పడొద్దు" అనేవే ఎక్కువ. ఇంటర్‌ల్యూకిన్-10, టీజీఎఫ్-బీటా అలాంటివి. రక్తంలో ఐజీజీ-4 అనే యాంటీబాడీ పెరిగి, ఎలర్జీ మంటను రేపే ఐజీఈ పనికి అడ్డు నిలుస్తుంది. పురుగు తనను తాను కాపాడుకుంటుంది, నాళమూ పెద్ద మంట లేకుండా బయటపడుతుంది. మనిషి పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే ఊళ్ళో దోమలన్నిటికీ పురుగు పిల్లల్ని అందిస్తుంటాడు.

పురుగు చచ్చినప్పుడు కబురు మారుతుంది. దాని ఒంట్లో వొల్బాకియా అనే బాక్టీరియా నివాసం ఉంటుంది. అది లేకపోతే పురుగుకు పిల్లలు పుట్టవు. పురుగు ముక్కలవగానే ఈ బాక్టీరియా బయటపడుతుంది. దాని లిపోప్రొటీన్లను మన కణాల మీద కాపలా ఉండే టీఎల్ఆర్-2, టీఎల్ఆర్-6 అనే గ్రాహకాలు పసిగడతాయి. వెంటనే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6 విడుదలవుతాయి. జ్వరం, గజ్జల్లో బిళ్ళ, నాళం వెంబడి ఎర్రటి చార కనిపించేది ఈ మూడింటి వల్లే. వీటితోపాటు వీఈజీఎఫ్-ఏ, వీఈజీఎఫ్-సీ అనే పెరుగుదల ప్రొటీన్లు కూడా పెరుగుతాయి. వీఈజీఎఫ్-సీ శోషరస నాళాల గోడ మీదున్న గ్రాహకానికి తగులుకుని ఆ నాళాన్ని సాగదీస్తుంది. నాళం వెడల్పయితే లోపలి కవాటాలు ఒకదానికొకటి అందవు. కాలువ గట్టు వెడల్పయి తూము తలుపు చాలకపోతే నీళ్ళు వెనక్కి తన్నినట్టే, శోషరసం పైకి ఎక్కక పాదంలోనే నిలిచిపోతుంది. కాలువకైతే కొత్త తలుపు వేయించవచ్చు. సాగిపోయిన నాళానికి కొత్త కవాటం పెట్టే మందు లేదు.

కిట్టు పని ఇక్కడే మొదలవుతుంది. నిలిచిపోయిన శోషరసంలో ప్రొటీను ఎక్కువ, కాపలా కణాలు తక్కువ. వేలి సందులో చిన్న పగులు ఉన్నా స్ట్రెప్టోకాకస్ లాంటి బాక్టీరియా లోపలికి దూరి హాయిగా పెరుగుతుంది. దాని లిపోప్రొటీన్లను పసిగట్టేది కూడా అదే టీఎల్ఆర్-2. అంటే పురుగు పోయి ఏళ్ళయినా, పురుగు చచ్చిన రోజు మోగిన గంటే మళ్ళీ మోగుతుంది. టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 మళ్ళీ ఎగబాకుతాయి, నాళం మళ్ళీ దెబ్బతింటుంది. అప్పట్లో లోపల శాంతం చేసిన టీజీఎఫ్-బీటా ఇప్పుడు చర్మంలో పీచు కణాల చేత కొల్లాజెన్ అనే గట్టి పీచు ప్రొటీను పోగు చేయిస్తుంది, దాంతో మెత్తటి వాపు చెక్కలా గట్టిపడుతుంది. ఒకే ప్రొటీను, పని చేసే చోటు మారేసరికి ఫలితం తారుమారు. ప్రతి దాడికీ కాలు ఒక మెట్టు పైకి పోవడానికి కారణం ఇదీ. వాపును ఏడు దశలుగా లెక్కగట్టే పద్ధతిలో మొదటి దశ రాత్రికి రాత్రే తగ్గేది. మడతలు, బుడిపెలు, పాచి కంపు వచ్చేవి పై దశలు.

కాబట్టి కిట్టు వల్ల జరిగేది పైపై శుభ్రం ఒక్కటే కాదు. సబ్బూ తువ్వాలూ ఆ గంట మోగకుండా చూస్తాయి. ఇది మనసులో పెట్టుకుని ఒక్కో వస్తువునూ చూద్దాం.

టబ్బు. పాదం చదునుగా ఆనాలి, వేళ్ళు వంగకూడదు, లోతు జానెడైనా ఉండాలి. చాలా టబ్బులు మొదటి మూడు దశల కాళ్ళకు సరిపోతాయి. బాగా ముదిరిన కాలు పట్టదు, పట్టినా అంచు పిక్కకు ఒరుసుకుంటుంది. ఇంటికి తెచ్చిన రోజే అంచు చుట్టూ వేలితో తడిమి చూడండి. ప్లాస్టిక్ ముళ్ళలాంటివి తగిలితే గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయాలి. ఆ ముల్లు గీసిన గీత కూడా బాక్టీరియాకు దారే. టబ్బులో కాలు నానబెట్టుకు కూర్చోకూడదు. టబ్బు ఉంది కాబట్టి నానబెట్టాలి అనుకోవడమే ఈ కిట్టుతో జరిగే పెద్ద పొరపాటు. పావుగంట నానితే చర్మం మెత్తబడి సందులు ఇంకా తెరుచుకుంటాయి. జారే నీళ్ళు పట్టడం, ఆ నీళ్ళ రంగు చూడటం, అంతవరకే టబ్బు పని. కాలు పట్టకపోతే టబ్బును పక్కనబెట్టి, ముక్కాలి పీట మీద కూర్చుని మగ్గుతో పోసుకున్నా నష్టం లేదు. వాడాక కడిగి ఎండలో బోర్లించండి. అడుగున నీళ్ళు మిగిలితే దోమలు గుడ్లు పెడతాయి.

మగ్గు గురించి చెప్పడానికేమీ లేదు, బాగుంది.

సబ్బు. వాసన తక్కువున్న ఒంటి సబ్బు చాలు. బట్టల సబ్బు, ఘాటు క్రిమిసంహారక ద్రావణాలు చర్మాన్ని పొడిబార్చి పగుళ్ళు తెస్తాయి. సముద్రం దగ్గరి ఊళ్ళలో, నరసాపురం, అంతర్వేది వైపు, బోరు నీళ్ళు ఉప్పగా ఉండి నురగ రాదు. నురగ రాలేదని ఇంకాస్త రుద్దుతారు, సబ్బు తెట్టు వేళ్ళ మధ్య పేరుకుపోతుంది. అలాంటి చోట కడగడం బోరు నీళ్ళతో చేసినా, చివరి రెండు మగ్గులు మంచినీళ్ళు పోయాలి. కిట్టులో ఇచ్చేది ఒక్క సబ్బే, అది ఎన్నాళ్ళో రాదు. అది అయిపోయిన రోజున పని ఆగిపోకూడదు.

తువ్వాలు. కిట్టు మొత్తంలో విలువైనది ఇదే, తక్కువగా ఇచ్చేదీ ఇదే. ఒకటి చాలదు. సార్వా ఊడ్పుల కాలంలో ముసురు పట్టిందంటే తువ్వాలు రెండు రోజులకు కూడా ఆరదు. తడి తువ్వాలుతో తుడవడమంటే నిన్నటి శిలీంధ్రాన్ని, అంటే ఫంగస్‌ను, ఇవాళ మళ్ళీ రాయడమే. రెండు తువ్వాళ్ళు ఉండాలి. ఎండ లేకపోతే ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టాలి. పైగా కిట్టులో వచ్చే దళసరి తువ్వాలు కాలికి బాగుంటుంది కానీ వేళ్ళ సందులోకి దిగదు. దానికి పాత నూలు పంచెనో లుంగీనో రెండంగుళాల వెడల్పు పీలికలుగా చింపి, మరిగే నీళ్ళలో వేసి తీసి, ఆరబెట్టి ఒక డబ్బాలో పెట్టుకోవాలి. ఒక్కో సందుకు ఒక పీలిక.

ఆ సందును ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. చిటికెన వేలినీ పక్క వేలినీ రెండు చేతులతో మెల్లగా విడదీసి, టార్చి వెలుతురు వేయండి. నానిన కొబ్బరి ముక్కలా తెల్లగా, మెత్తగా ఉంటే అక్కడ శిలీంధ్రం ఉన్నట్టే. ఆ తెలుపు అడుగున వెంట్రుక గీసినంత సన్నగా, ఎర్రగా ఒక పగులు కనిపిస్తుంది. వేళ్ళు వదిలేస్తే మూసుకుపోతుంది. నొప్పి ఉండదు, కాస్త దురద, అంతే. జ్వరం వచ్చిన కాళ్ళలో చాలావాటికి దారి అదే. వాచిన పాదంలో వేళ్ళు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి కాబట్టి గాలి తగలదు. పొలం బురదలోనూ రొయ్యల చెరువు గట్టు మీదా పొద్దంతా తడిలో ఉండే కాళ్ళయితే మరీను. పాదం మొత్తం తుడిచి ఈ ఒక్క సందు వదిలేస్తే తుడవనట్టే లెక్క.

పూతమందు. ఇక్కడే కిట్టు తడబడుతుంది. ట్యూబు మీది పేరు ఇంగ్లీషులో ఉంటుంది, ఎక్కడ రాయాలో చెప్పే కాగితం ఉండదు లేదా టబ్బు అడుగున తడిసిపోతుంది. క్లోట్రిమజోల్, మైకొనజోల్ అని ఉంటే అది శిలీంధ్రానికి, వేళ్ళ సందుల్లో, మడతల్లో మాత్రమే. కందిగింజంత తీసుకుని, పూర్తిగా ఆరిన చర్మం మీద పలచగా, రోజుకు రెండుసార్లు. తెలుపు పోయింది కదా అని మూడో రోజే ఆపొద్దు, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు రాయాలి. పొవిడోన్ అయోడిన్ అని ఉంటే అది పుండ్లకు, గీతలకు. కాలు మొత్తానికి నూనెలా మర్దనా చేస్తే ట్యూబు వారంలో అయిపోతుంది, లాభం సున్నా. మందుల దుకాణంలో "ఇది ఇంకా త్వరగా పనిచేస్తుంది" అని ఇచ్చే ట్యూబు మీద బెటామెథాసోన్, క్లోబెటసాల్ ఉన్నాయేమో చదివించుకోండి. అవి స్టెరాయిడ్లు. పైన చెప్పిన టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ల కబుర్లను అణిచేస్తాయి కాబట్టి ఎరుపూ దురదా రెండు రోజుల్లో పోతాయి. కాపలాదారు నోరు మూయించాక శిలీంధ్రం దర్జాగా పాకుతుంది, పగులు లోతవుతుంది. మంట తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు అని ఈ ఒక్క ట్యూబు చూస్తే తెలుస్తుంది.

కిట్టులో ఉండాల్సి ఉండి లేనివి మూడు. నూలు పీలికలు ఒకటి. దర్జీ టేపు రెండోది: వారానికోసారి, తెల్లారి మంచం దిగకముందే, చీలమండ ఎముకకు 10 సెంటీమీటర్లు పైన చుట్టుకొలత రాసుకుంటే తగ్గుతుందో పెరుగుతుందో తెలుస్తుంది. వేరే వేళ కొలిస్తే, వేరే చోట కొలిస్తే ఆ అంకెకు అర్థం ఉండదు. మూడోది చెప్పులు. కాలికి తగ్గ ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరు చెప్పులు, పట్టీ వదులు చేసుకునేవి. కిట్టుకన్నా ఇవే ముందు ఇవ్వాల్సింది.

ఇక కడిగే తీరు. నీళ్ళు గోరువెచ్చనివి కూడా అక్కర్లేదు, మామూలు నీళ్ళే. వేడినీళ్ళు రక్తనాళాల్ని తెరిచి వాపు పెంచుతాయి. ముందు కాలంతా కళ్ళతో చూసుకోవాలి: గీతలు, పొక్కులు, గోళ్ళ మూలలు. తర్వాత కాలు తడిపి, సబ్బు చేతికి రాసుకుని ఆ చేత్తో కాలికి రాయాలి. ఎంతవరకు వాచిందో దానికి పైనుంచి మొదలుపెట్టి కిందికి రావాలి. మడతలున్న చోట మడత విప్పి, లోపలికి నూలు పీలిక పోనివ్వాలి. పీచు, బ్రష్షు, ఇటుక ముక్క ఏదీ వద్దు. మురికి ఊడకపోతే రేపు ఊడుతుంది. జారే నీళ్ళు తేటగా వచ్చేవరకు పోయాలి. తుడవడమంటే రుద్దడం కాదు, అద్దడం. ఆపైన పీలికతో ఒక్కో సందూ ఆరబెట్టి, అప్పుడు పూతమందు. రోజుకు ఒకసారి, పొలం పనుల రోజుల్లో సాయంత్రం ఇంటికి రాగానే ఇంకోసారి. అంతా కలిపి పావుగంట, ఇరవై నిమిషాల పని. నడుం వంగని పెద్దవాళ్ళకు కోడలో కొడుకో చేయాల్సిందే. వాళ్ళకు ముందే చెప్పాల్సిన మాట, ఈ జబ్బు తాకితే అంటదు. చేతికి పుండు ఉంటే మాత్రం తొడుగు వేసుకోవాలి.

కడగడం ఒక్కటే సరిపోదు. కూర్చున్నప్పుడు కాలు తుంటి ఎత్తున పెట్టుకోవాలి. పడుకున్నప్పుడు మంచం కాళ్ళవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెడితే చాలు. దిండు ఒక్కటే పాదం కింద పెడితే మోకాలు వెనక ఒత్తుకుని నీరు కదలదు, తొడ నుంచీ ఆసరా ఉండాలి. మునివేళ్ళ మీద లేవడం, పాదాన్ని గుండ్రంగా తిప్పడం, పది పదిహేను సార్లు, రోజుకు మూడు విడతలు. పిక్క కండ పిండినప్పుడే శోషరసం పైకి ఎక్కుతుంది. గుండె జబ్బుతో ఆయాసం ఉన్నవాళ్ళు కాలు ఎత్తి పడుకునే ముందు డాక్టరును అడగాలి. సాగే పట్టీలు నేర్చుకోకుండా చుడితే చీలమండ దగ్గర బిగుసుకుని హాని చేస్తాయి.

దాడి వచ్చిన రోజు లెక్క వేరు. చలి, జ్వరం, కాలు ఎర్రగా కాలిపోతున్నట్టు, గజ్జల్లో బిళ్ళ. ఆ రోజు వ్యాయామం మానేయాలి. కాలు పైకెత్తి, చల్లటి నీళ్ళ గుడ్డ వేసి, నీళ్ళు బాగా తాగి, జ్వరానికి పారాసిటమాల్ వేసుకుని, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. బాక్టీరియాకు యాంటీబయాటిక్ కావాలి. కాపడం పెట్టడం, ఆకు పసర్లు కట్టడం, గాట్లు పెట్టి నీరు తీయడం ఇవన్నీ సరిగ్గా మంట రేగుతున్న వేళ కొత్త దారులు తెరుస్తాయి. పురుగు మాత్రలు కూడా ఆ రోజు వేసుకోకూడదు.

ఆ మాత్రల సేవ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే కిట్టూ మాత్రా ఒకదాని పని ఒకటి చేయలేవు. ఇంటింటికీ తిరిగి ఇచ్చే విడతలో, పురుగు పిల్లల్ని చంపే డీఈసీ (డైఇథైల్‌కార్బమజైన్) 100 మిల్లీగ్రాముల మాత్రలు 2 నుంచి 5 ఏళ్ళ పిల్లలకు ఒకటి, 6 నుంచి 14 వరకు రెండు, 15 దాటితే మూడు. అందరికీ ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒకటి, నమిలి మింగాలి. మూడు మందులు ఇచ్చే జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ కూడా కలుస్తుంది. దాన్ని వయసు బట్టి ఇవ్వరు, కొలకర్ర పెట్టి ఎత్తు బట్టి ఇస్తారు. రెండేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, బాగా జబ్బుతో ఉన్నవాళ్ళు వేసుకోకూడదు. పరగడుపున వద్దు. మింగేది ఇచ్చినవాళ్ళ ఎదుటే. "తర్వాత వేసుకుంటాలే" అని గూట్లో పెట్టిన మాత్ర ఊరికి పనికిరాదు. ఈ సేవలో లోటు ఏమిటంటే వచ్చేవాళ్ళు పగటిపూట వస్తారు, అప్పటికి పొలానికో చెరువుకో పోయిన మగవాళ్ళు దొరకరు. పురుగు పిల్లలు ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నదీ వాళ్ళకే. సాయంత్రం మళ్ళీ ఒక తిరుగుడు ఉన్న ఊళ్ళలో ఈ సేవకు పూర్తి మార్కులు.

డీఈసీ మనకు పరాయి మందు కాదు. దాన్ని వెలుగులోకి తెచ్చిన అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల బృందంలో ముఖ్యుడు యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టారు. 1947లో ఆ మందు బయటికొచ్చింది, మరుసటేడే ఆయన పోయారు. బోదకాలు ఇంటింటి జబ్బుగా ఉన్న డెల్టాలో పుట్టినాయన పేరు ఆ మాత్ర అట్ట మీద ఉండదు, కనీసం మనమైనా చెప్పుకోవాలి. ఆ మందు పనిచేసే తీరు కూడా విశేషమే. గాజుపాత్రలో పురుగు పిల్లల మీద పోస్తే పెద్దగా ఏమీ చేయదు. అదే ఒంట్లోకి వెళ్ళగానే అవి రక్తం నుంచి మాయమవుతాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైము లేని వాటిలో ఈ మందు పనిచేయలేదు. అంటే మందు చూపిస్తే దెబ్బ కొట్టేది మన రక్షణ వ్యవస్థే.

అందుకే కొందరికి మాత్ర వేసుకున్న రోజో మర్నాడో జ్వరం, తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. ఒకేసారి వేలాది పురుగు పిల్లలు చచ్చి వొల్బాకియా రక్తంలోకి వదులుతాయి, ఇంటర్‌ల్యూకిన్-6 పెరుగుతుంది. పురుగు భారం ఎంత ఎక్కువైతే జ్వరం అంత గట్టిగా వస్తుంది. పురుగు లేని మనిషికి సాధారణంగా ఇలాంటి జ్వరం రాదు. "మా ఆయన బాగానే ఉన్నాడు, మాత్ర వేసుకుంటే జ్వరం వచ్చింది, ఇక వేయం" అనే ఇల్లాలికి చెప్పాల్సింది ఇదీ: బాగా ఉన్నట్టు కనిపించిన ఒంట్లో పురుగు ఉండే ఉంటుంది, మాత్ర దాని మీద పనిచేసింది. రెండు రోజుల్లో తగ్గుతుంది, పారాసిటమాల్ చాలు. ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పుతున్నా ఆస్పత్రికే.

పరీక్షకు వస్తే, వేలి చివర 75 మైక్రోలీటర్ల రక్తం తీసి చూసే స్ట్రిప్పు పరీక్ష పగలైనా చేయొచ్చు, బతికున్న పెద్ద పురుగు రక్తంలోకి వదిలే పదార్థాన్ని (యాంటిజెన్‌ను) పడుతుంది. సరిగ్గా 10 నిమిషాలకు చదవాలి. ఆలస్యంగా చూస్తే లేని గీత కనిపించవచ్చు. రాత్రి రక్తం తీసే పరీక్షలో పురుగు పిల్లల్ని సూక్ష్మదర్శిని కింద లెక్కపెడతారు. ఏళ్ళ బోదకాలు ఉన్నవాళ్ళకు ఈ రెండూ చాలాసార్లు "లేదు" అనే చెబుతాయి. పరీక్ష తప్పని గొడవపడతారు. తప్పేమీ లేదు. వాళ్ళ ఒంట్లో "ఆగండి" అనే ఇంటర్‌ల్యూకిన్-10 కబురు బలహీనపడి మంట రేపే కణాలదే పైచేయి అవుతుంది, పురుగు ఎప్పుడో పోయి ఉంటుంది. మిగిలింది దెబ్బతిన్న నాళం. దానికి మాత్ర పనిచేయదు, కిట్టు పనిచేస్తుంది.

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ గురించి కూడా అడుగుతుంటారు. రోజుకు 200 మిల్లీగ్రాములు ఆరు వారాలు వాడితే వొల్బాకియా చచ్చి పెద్ద పురుగు గొడ్డుబోతుంది. ఘనాలో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో రక్తంలో వీఈజీఎఫ్-సీ తగ్గడమూ, వాపు మెరుగవడమూ చూశారు. మంచి ఫలితమే. అయితే గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకూడని మందు. డాక్టరు రాస్తేనే వాడాలి. రాసినా కడగడం మానడానికి వీల్లేదు. వరిబీజానికి ఈ కిట్టుతో పనిలేదు, దానికి ఆపరేషనే దారి. రాత్రిళ్ళు ఆగని పొడిదగ్గు, పిల్లికూతలు, రక్తంలో ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు మూడు వేలు దాటి ఉంటే అదీ ఈ పురుగు మీద ఒళ్ళు అతిగా స్పందించడమే కావచ్చు. దాన్ని డీఈసీ మూడు వారాల కోర్సుతో నయం చేస్తారు.

కిట్టు అందుకునే రోజు అక్కడే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. టబ్బులో పాదం పెట్టి చూడండి. ట్యూబు మీద తేదీ చదివించుకోండి, మందు పేరు తెలుగులో మార్కరుతో రాయించుకోండి, "వేళ్ళ సందుకు" అనో "పుండుకు" అనో. కడిగే తీరు మీ కాలి మీదే ఒకసారి చేసి చూపించమని ఏ.ఎన్.ఎం.నో ఆశా కార్యకర్తనో అడగండి. నోటితో చెప్పింది ఇంటికి వెళ్ళేసరికి సగం పోతుంది. చూపించిన చోట కిట్టుకు ఐదు మార్కులకు నాలుగు, చేతికిచ్చి సంతకం పెట్టించుకుని పంపిన చోట రెండు. రెండో తువ్వాలు ఇవ్వరు, వస్తూ వస్తూ సంతలో కొనుక్కోండి. ముదురు రంగుది కాకుండా తెల్లది తీసుకుంటే సందులోంచి వచ్చిన రసి, నెత్తురు చార వెంటనే కంటపడతాయి.